చత్వారం కాదండీ!

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు నన్ను అనుమానించడం మావారికి అలవాటు. మిక్సీ ఆగిపోతే నేను పప్పు ఎక్కువ వేసి ఉంటాను. ఈసారి కంప్యూటర్ తెర చిరిగింది. నాకు చత్వారం వచ్చిందన్నారు.

తెర చిరగడమేమిటంటారా? మా పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని మా అక్క కొడుకు దాంట్లో లైనక్స్ వేసిపెట్టాడు. నవల రాసుకోవడానికి హాయిగానే ఉంది. ఓ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, 2004 నాటి మా పెళ్ళి వీడియో పెట్టాను. అమ్మ పోయాక, అమ్మ నడవడం చూడాలంటే నాకు మిగిలింది అదొక్కటే.

హారతి పళ్ళెంతో అమ్మ పందిట్లో ఇటునుంచి అటు వెళుతోంది. హఠాత్తుగా అడ్డంగా ఓ గీత! గీతకి పైన మొహం ఓ అంగుళం వెనక, కింద భుజాలు ముందు. డిజైను కలవకుండా అతుకు వేసిన చీరలాగ. అమ్మ ఆగితే అంతా సవ్యమే. కదిలితే తెగుతోంది. మావారు వచ్చి చూసేసరికి అమ్మ నిలబడే ఉంది!

అక్క కొడుక్కి ఫోన్ చేశాను. "స్క్రీన్‌షాట్ పంపు పిన్నీ" అన్నాడు. పంపాను. అందులో అమ్మ నిక్షేపంలా ఉంది. ఇక చూడండి, మావారి చిరునవ్వు! కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మరీ అద్దాలు రాయించారు. (సూదిలో దారం ఎక్కించడానికి పనికొస్తున్నాయి, అది వేరే సంగతి.)

అద్దాల్లోంచీ గీత కనిపించింది. ఈసారి పట్టుదలకొచ్చి, తెరనే ఫోన్‌తో వీడియో తీసి పంపాను. "అయ్యో పిన్నీ, ఇది నీ కళ్ళు కాదు" అన్నాడు.

తెర మీద బొమ్మ పైనుంచి కిందికి వరసగా పడుతుందట, సెకనుకి 60 సార్లు. సగం పడ్డాక డ్రైవరు కొత్త బొమ్మ అందిస్తే, పైన పాతదీ కింద కొత్తదీ. బంతి సగం వడ్డించాక గిన్నె మార్చినట్టు! స్క్రీన్‌షాట్‌కి వంటింట్లో నిండుగా ఉన్న గిన్నే కనిపిస్తుంది కానీ విస్తళ్ళు కనిపించవు. వేలాండ్ అనే కొత్త ఏర్పాటులో మామూలుగా ఈ బెడద ఉండదట. మాది పాత ఎక్స్‌ఆర్గ్. దానికి అయిదారు లైన్ల చిన్న ఫైలు నా చేత రాయించాడు. అందులో అసలు మాట టేర్‌ఫ్రీ. అంటే బంతి పూర్తయ్యేదాకా గిన్నె మార్చొద్దని. కాస్త మెమరీ ఎక్కువ తింటుందట. తిననీ.

మళ్ళీ స్టార్ట్ చేసి వీడియో పెట్టాను. అమ్మ పందిరి ఈ చివరినుంచి ఆ చివరికి తెగకుండా నడిచింది. మావారు నా కుర్చీ వెనక నిలబడి చూస్తున్నారు.

"అత్తయ్యగారు ఎడంకాలు కాస్త ఈడ్చేవారు కదూ?" అన్నారు.

నేను మరిచేపోయాను.