టైం ఎవరివ్వాలి?

షుగరు రిపోర్టు చూసి "నడుస్తున్నారా?" అని అడగ్గానే పేషెంటు చూపు టేబుల్ మీదికి దిగిపోతుంది. "అనుకుంటూనే ఉన్నానండీ... టైమే కుదరట్లేదు." గుంటూరులో జనరల్ ఫిజీషియన్‌గా నేను ఓపీలో వినని రోజు లేని జవాబు ఇది. దీన్ని సాకు కింద కొట్టిపారేయడం తేలిక. నేను మాత్రం దాన్నీ ఒక లక్షణంలాగే చూస్తాను. జ్వరం అంటే ఎప్పటినుంచి, ఏ పూట అని ఆరా తీస్తాం కదా, టైం లేదన్నప్పుడు కూడా అలాగే అడగాలి. అడిగితే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కారణం బయటపడుతుంది. (ఇక్కడ చెప్పేవాళ్లను ఎవరూ పోల్చుకోకుండా వివరాలు కొంత మార్చాను.)

మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకావిడకు యాభై దాటాయి. పై బీపీ ఎప్పుడు చూసినా 170కి తగ్గదు. మందులు వేసుకుంటున్నారా అమ్మా అంటే, "ఏసుకుంటన్నా డాట్రుగారూ" అంటుంది. ఓసారి సంచీలోని మందుల కవరు టేబుల్ మీద పెట్టించాను. నెలకని ఇచ్చిన మాత్రల్లో సగానికి పైగా అట్టలోనే ఉన్నాయి. "పొద్దున టిఫిను తిన్నాక ఏసుకోమన్నారు గదండీ. ఆటో ఆరింటికే వచ్చుద్ది. నేను తినేది పని కాడ, పదకొండింటికి. మాత్రలేమో ఇంటికాడ ఉంటయ్." అంటే ఆవిడ మందు వేసుకునేది పని లేని రోజుల్లోనే!

ఆవిడకు రాసిన ఆమ్లోడిపిన్‌కు టిఫిన్‌తో పనే లేదు. రోజూ ఒకే వేళకు పడితే చాలు, ఏ పూటైనా ఫరవాలేదు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా బీపీ పేషెంట్ల మీద చేసిన 'టైమ్' అధ్యయనం 2022లో లాన్సెట్‌లో వచ్చింది. మాత్ర పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా లేదని అందులో తేలింది. చీటీలో 'పొద్దున' కొట్టేసి 'రాత్రి అన్నం తిన్నాక' అని రాశాను. తర్వాతి నెల బీపీ 140 దగ్గరికి దిగింది. కొత్త అలవాటేదీ నేర్పలేదు. ఎటూ తప్పని రాత్రి భోజనానికి మాత్రను జతచేశామంతే. రోజంతా కింద కూర్చుని చేసే పని కాబట్టి మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యమన్నాను. ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి వెలిగించుకునే మనిషిని అంతకుమించి అడగడం న్యాయం కాదు.

ఇంకొకాయన బస్సు డ్రైవరు. షుగరుతో పాటు పొట్ట కూడా పెరుగుతోంది. "పొద్దున నాలుగింటికి డ్యూటీ ఎక్కితే వాకింగ్ ఎక్కడిదండీ?" అన్నాడు. అతనికి లండన్ బస్సుల కథ చెప్పాను. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, ఆ ఫలితాలను 1953లో ప్రచురించాడు. జీతం, జీవితం ఇద్దరివీ ఇంచుమించు ఒకటే అయినా, సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే టికెట్ల కోసం రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ కనిపించాయి. ఆ కండక్టర్లెవరూ జిమ్ముకు పోలేదు.

"అయితే నన్ను కండక్టరుగా మారమంటారా?" అని నవ్వాడు. అక్కర్లేదు, బస్టాండులో బండి ఆగినప్పుడు ఎంతసేపు ఖాళీ అని అడిగాను. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పావుగంటో ఇరవై నిమిషాలో ఉంటుంది, అది టీకొట్టు దగ్గర బల్ల మీద గడిచిపోతుంది. అందులో పది నిమిషాలు, ముఖ్యంగా మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే ఖాళీలో, ప్లాట్‌ఫారాల వెంట నడవమన్నాను. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి, భోజనం తర్వాత ఎగబాకే షుగరుకు అక్కడే కళ్లెం పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెయ్యమంటోంది. ఒకప్పుడు కనీసం 10 నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకే వస్తుంది.

హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి కథ వేరు. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అంటే షుగరు ఇంకా రాలేదు, గుమ్మంలో నిలబడింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే, ఇతనిలా అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల పైచిలుకు. అమెరికా వాళ్లతో కాల్స్ ముగిశాక పదకొండున్నరకు బిర్యానీ ఆర్డరు పెట్టుకుంటాడు, తర్వాత రెండింటి దాకా ఫోను. "రోజు మొత్తంలో నాకంటూ ఉండేది ఆ రెండు గంటలేనండీ" అన్నాడు. ఆ మాటలో నిజముంది. అందుకే ఫోను మానెయ్యమనలేదు. కాల్స్ మొదలవకముందే, ఎనిమిదింటికి తినేయమన్నాను. ఫోను ఛార్జర్ హాల్లోకి మార్చమన్నాను. ఆ రెండింటిలో మొదటిది నిలబడింది, రెండోది నెల కూడా నిలవలేదు. అయినా మూడు నెలల తర్వాత 5.8 వచ్చింది.

వీళ్లందరికీ చిన్నదో పెద్దదో ఒక సందు దొరికింది. అసలు సందే దొరకని ఇల్లాలు ఒక టీచరు. బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి. రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద గంటలవారీగా రాయించాను. నాలుగున్నరకు లేస్తారు. పాలు, టిఫిను, నాలుగు క్యారేజీలు, మామగారి మందులు, ఎనిమిదింటికి బస్సు. సాయంత్రం వచ్చాక అదే వరస రాత్రి పది దాకా. ఆ కాగితంలో ఆమెకంటూ ఒక్క గడీ లేదు. పక్క కుర్చీలో భర్త ఉన్నారు. కాగితం ఆయన వైపు జరిపాను.

"పొద్దున్నే ఓ అరగంట వంటిల్లు మీరు చూసుకోగలరా?"

"నాకు ఉప్మా ఒక్కటే వచ్చండి."

"ఉప్మా చాలండీ."

ఆవిడ వెంటనే, "అది కూడా ఉండకడుతుంది డాక్టరుగారూ, అంతా నేనే సర్దాలి, ఎందుకులెండి" అన్నారు. ఉండలు కట్టినా తినమన్నాను. వారంలో మూడు రోజులు ఉప్మా, ఆ మూడు రోజులు ఆవిడ నడక. మందుల చీటీ మీదే రాసిచ్చాను, ఆయన పేరుతో. అప్పటినుంచి ఆ చీటీని ఆవిడ ఫ్రిజ్ తలుపుకు అంటించారట. మాత్ర ఇంకా వాడుతున్నారు గానీ డోసు పెంచాల్సిన అవసరం రాలేదు. నిద్ర కుదుటపడింది.

మందు పేషెంటుకు రాస్తాం. టైం మాత్రం చాలాసార్లు ఇంకొకరి చేతిలో ఉంటుంది, భర్తో, కొడుకో, అత్తగారో, డ్యూటీ చార్టు వేసే ఆఫీసరో. ఆ మనిషితో మాట్లాడకుండా పేషెంటుకు క్రమశిక్షణ గురించి ఎంత చెప్పినా లాభం లేదు. అందుకే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు మీ రోజును గంటలవారీగా రాసిన కాగితం కూడా పట్టుకెళ్లండి. అందులో మీ టైం ఎవరి చేతిలో ఉందో, వీలైతే వాళ్లను కూడా వెంటబెట్టుకెళ్లండి.