మన నాగలమడిక ఏరే గండికోటలో ఉండేది

అమెరికాలో ఉండే మా పెదనాయన కొడుకు గ్రాండ్ కాన్యన్ ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పోరు, అట్లాంటిది మనమూ చూడల్ల అని. వీసా ఎందుకప్పా? పావగడ నుంచి కళ్యాణదుర్గం, అనంతపురం, తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా కారేసుకుని పోతే గండికోట లోయ.

నాకు నచ్చింది వేరే. నాగలమడికలో సుబ్రహ్మణ్యస్వామి గుడి దగ్గర మనం ఇసుకగా చూసే ఉత్తర పినాకిని, అదే పెన్న, గండికోటలో ఎర్రమల కొండల్ని నిలువునా చీల్చుకుని పోతుంది. మన కొండలు నున్నటి గుండ్లు. అక్కడివి ఎర్రటి క్వార్ట్జైట్ పొరలు, ఎవరో మేస్త్రీ బండ మీద బండ పేర్చినట్టు. సందుల్లో వేళ్లు పెట్టి చూస్తే అంచులు మొద్దుబారలేదు, ఇంకా కోస్తున్నాయి.

నీళ్లు మాత్రం అన్నీ పెన్నవి కావు. గండికోట రిజర్వాయరుకు కృష్ణ నీళ్లు అవుకు రిజర్వాయరు మీదుగా వస్తాయి. మనకు అట్లాంటి కాలువ ఎప్పుడో!

గ్రాండ్ కాన్యన్ లోతు 1.6 కిలోమీటర్లు. దాంతో పోల్చి గండికోటను 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అనడం నాకు అనవసరం అనిపిస్తుంది. గ్రాండ్ కాన్యన్ అంచు మీద ఇట్లా కోట ఉందా, మాధవరాయ గుడి, జామియా మసీదు పక్కపక్కన ఉన్నాయా?

పోయేవాళ్లు ఎండాకాలం మానుకోండి. లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు, సెల్ఫీల కోసం పిల్లల్ని ముందుకు తోయొద్దు.