ఫోటో వెనక పేరు

మీ ఇంట్లో గోడల మీద ఎన్ని ఫోటోలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. దేవుడి పటాలు సరే, పెళ్లి ఫోటో ఒకటి, పిల్లలు బహుమతులు అందుకుంటున్నవి రెండో మూడో, దండ వేసిన మామగారి ఫోటో ఒకటి. ఇంటి ఇల్లాలు ఒక్కతే స్థిమితంగా కూర్చుని తీయించుకున్నది ఎన్ని ఇళ్లలో ఉంటుందంటారు?

మా అత్తగారు పోయినప్పుడు ఈ సంగతి మాకు బాగా తెలిసొచ్చింది. పదకొండో రోజుకి పటం కట్టించాలంటే ఆవిడ ఒక్కరే ఉన్న ఫోటో ఓటరు కార్డు మీదది తప్ప ఇంకోటి దొరకలేదు. స్టూడియో అబ్బాయి దాన్నే పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి ఇచ్చాడు. డెబ్భై ఏళ్లు బతికిన మనిషి ముఖం తపాలా బిళ్లంత కాగితం నుంచి తీసుకోవాల్సి వచ్చింది!

అప్పట్నుంచీ పాత ఆడవాళ్ల బొమ్మలు ఎక్కడ కనబడినా ఆగి చూడడం అలవాటైంది నాకు. మాది శామీర్‌పేట. 2016లో కొత్త జిల్లాలు వేసినప్పుడు మేమూ, మేడ్చలూ, అటు మౌలాలీ అంతా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాం. మౌలాలి గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. తోటికోడల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూసొచ్చాను. ఆవిడ 1768లో పుట్టి 1824లో పోయింది. కవయిత్రి, గాయని, నర్తకి. మగవేషంలో గుర్రమెక్కి రెండో నిజాం వెంట యుద్ధాలకు కూడా వెళ్లేదట. అసలు ఆ తోటా కట్టడమూ తన తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం కట్టించింది, తర్వాత తననూ ఆ తల్లి పక్కనే ఉంచారు. ఆవిడ గజళ్ల రాతప్రతి ఒకటి 1799లో జాన్ మాల్కం అనే ఇంగ్లీషు కెప్టెన్‌కి కానుకగా ఇస్తే అది ఇప్పటికీ లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. పాడుబడిపోయిన సమాధిని 2010 తర్వాత అమెరికా వాళ్లిచ్చిన డబ్బుతో బాగుచేశారు.

మహలఖా బాయి చిత్రాలు మనకు దొరుకుతున్నాయంటే కారణముంది. ఆవిడ నలుగురిలో పాడే మనిషి. దర్బారులో కూర్చుంటే చిత్రకారుడు చూడగలడు, గీయగలడు. పరదా చాటున ఉన్న ఇల్లాలిని ఎవరు చూసి గీస్తారు చెప్పండి?

ఆ రోజుల్లోనే ఇంకో కథ జరిగింది. కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించిన కిర్క్‌పాట్రిక్ దొర ఖైరున్నీసా అనే గొప్పింటి పిల్లని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. చదువుల కోసమని 1805లో వాళ్లను సీమకు పంపించేశారు. మద్రాసులో ఓడ ఎక్కే ముందు చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరినీ హైదరాబాదు దుస్తుల్లో నిలబెట్టి చిత్రం వేశాడు. నాలుగేళ్లు ఒకరికి, మూడేళ్లు ఒకరికి. ఆ పటంలో తల్లి లేదు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. చిత్రం చేతులు మారి ఇంగ్లండులో రస్సెల్ అనే ఆయన ఇంటికి చేరింది. కూతురు కిట్టీ పెద్దయ్యాక ఒకసారి ఆ ఇంటికెళ్లి, గోడ మీద తన చిన్ననాటి బొమ్మ చూసి ఏడ్చేసిందట. రస్సెల్ తన వీలునామాలో ఆ చిత్రం ఆమెకే రాసిచ్చాడు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదంటే నమ్మండి. (ఆ రెసిడెన్సీలో నడిచిన కోఠీ ఉమెన్స్ కాలేజీయే ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరలకు ఎదురు నిలిచిన మనిషి పేరు దొర భవనానికి!)

తర్వాత కెమెరా వచ్చింది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫోటోలు తీసేది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. పనివాళ్లూ ఆడవాళ్లే. మగనీడ పడదు కాబట్టి బేగమ్‌లు ధైర్యంగా వచ్చి కూర్చునేవారు. దీన్‌దయాళ్ వ్యాపారం తెలిసినవాడు లెండి, సగం ఊరు తన గుమ్మం తొక్కడం లేదని గ్రహించాడు. అయినా నాకు నచ్చేది ఆ కుర్చీలో కూర్చున్న ఇల్లాలే. ఆ రోజుల్లో ఫోటో అంటే కాసేపు కదలకుండా ఉండాలి. వంటా, పిల్లలూ, అత్తగారూ ఎవరూ పిలవని ఆ కాసేపు ఆమెదే కదా!

ఇక తెలంగాణ సాయుధ పోరాటం అనగానే పత్రికల్లో వేసే ఫోటో మీరూ చూసే ఉంటారు. తుపాకులు పట్టుకుని వరుసగా నిలబడ్డ ఆడవాళ్లు. అందులో ఒకరు మల్లు స్వరాజ్యం అని రాస్తుంటారు. నిజాం ప్రభుత్వం ఆవిడ తలకు పదివేల రూపాయలు వెలకట్టింది. 2022లో పోయేదాకా ఆవిడ గొంతు తగ్గలేదు. మరి పక్కన నిలబడ్డవాళ్లు? వాళ్ల పేర్లు ఆ ఫోటో కింద చాలాసార్లు ఉండవు. తుపాకీ బరువు అందరికీ ఒకటే కదా అనిపిస్తుంది నాకు.

మా అత్తగారి ట్రంకుపెట్టె అడుగున పట్టుచీర మడతల్లో ఒక ఫోటో దొరికింది. ఒకప్పుడు మా వైపంతా ద్రాక్షతోటలే. అనాబ్-ఎ-షాహి గుత్తులు బుట్టలకెత్తి నగరానికి పంపేవాళ్లు. ఆ తోటలో తీసిన గ్రూపు ఫోటో అది. మధ్యలో కుర్చీ మీద తోట యజమాని, చుట్టూ బుట్టలతో ఏడుగురు ఆడవాళ్లు. వెనక సిరాతో యజమాని పేరూ, తారీఖూ రాసి ఉన్నాయి. బుట్టలు మోసిన ఏడుగురి గురించి ఒక్క అక్షరం లేదు. చివర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నది మా అత్తగారే.

అప్పటి వాళ్లలో మిగిలిన ఒక పెద్దమ్మ మా వీధి చివర ఉంటుంది. చూపు మందగించింది. ఫోటోని వాకిట్లో ఎండకు పట్టుకుని, "గిది మీ అత్త. గిది నేనే, గట్ల సూస్తవేంది బిడ్డా, అప్పుడు నేను సన్నగుంటి" అని నవ్వింది. ఒక్కొక్కరినీ వేలితో తడుముతూ చెబుతుంటే నేను పెన్సిలుతో వెనక రాసుకుంటూ పోయాను. ఆరుగురి పేర్లు వచ్చాయి. ఏడో ఆవిడ దగ్గర ఆగిపోయింది.

"పేరు యాదికొస్తలేదు. తుర్కపల్లామె అనేటోళ్లం. మస్తు పాటలు పాడేది."

ప్రస్తుతానికి అలాగే రాశాను, తుర్కపల్లామె అని. తుర్కపల్లి మాకు దూరమేం కాదు. ఆదివారం పిల్లలకి సెలవు, ఫోటో సంచిలో పెట్టుకుని వెళ్లి అడగాలి.