పిల్లి నడక, పులి ఎముక

పారిస్‌లో జార్దాన్ దె ప్లాంత్ తోట ఒక కొసన ఇటుకతో, ఇనుముతో కట్టిన పొడవాటి భవనం ఉంది. 1898లో తెరిచారు. లోపల దాదాపు వెయ్యి అస్థిపంజరాలు ఒకే దిక్కుకు మొహం పెట్టి, తిరనాళ్లకు బయల్దేరినట్టు నిలబడి ఉంటాయి. ఈ సేకరణను పెంచి పెద్దచేసినవాడు జార్జ్ కువియే. జనమంతా తిమింగలాల దగ్గర మూగితే నేను పిల్లి జాతి వైపు నడిచాను.

ఈ జాతిలో అతి చిన్నదైన తుప్పురంగు మచ్చల పిల్లి మన ఆంధ్ర అడవుల్లోనూ తిరుగుతుంది. తూకం కిలో, కిలోన్నర. పెద్ద మగపులి రెండొందల కిలోలు దాటుతుంది. మరి ఇద్దరి ఎముకలూ ఒకే అచ్చా?

ఇంటిపిల్లి దండచేయి ఎముక ముందు వంగి చూశాను. మోచేతికి కాస్త పైన, లోపలివైపు సన్నని బెజ్జం. ఒక నరం, ఒక రక్తనాళం దూరివెళ్లే దారి అది. పులికీ సరిగ్గా అక్కడే ఉంది. అచ్చు ఒకటే అన్నమాట. కానీ పిల్లి ఎముకను ఉన్నపళంగా పులంత పొడవుకు పెంచినా పులి ఎముక కాదు. పులిది ఇంకా లావు, ఇంకా దిట్టం.

లెక్క పాతదే. కొలతలన్నీ రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో ఒక చిన్న ఎముకనూ దానికి మూడింతల పొడవున్న ఎముకనూ గీసి, పెద్దది ఎంత లావెక్కాలో చూపించాడు.

అయితే లావెక్కడం ఒక్కటే దారి కాదు. ఇదే హాల్లో ఉన్న ఏనుగు కాలు నిట్టనిలువు స్తంభం. బరువు ఎముక వెంట సూటిగా నేలకు దిగిపోతుంది. మామూలుగా ఎలుక నుంచి గుర్రం దాకా ఒళ్లు పెరిగేకొద్దీ కాళ్లు నిటారవుతాయి. పిల్లి జాతి మాత్రం ఆ దారి పట్టలేదు. నడుస్తున్న పిల్లుల కీళ్ల కోణాలు కొలిచి అమెరికా పరిశోధకులు 2007లో ఈ సంగతి తేల్చారు. ఇంటిపిల్లి కాళ్లు ఎంత ముడుచుకుని నడుస్తుందో పులీ ఇంచుమించు అంతే. ముడిచిన కాలి మీద బరువు పడితే కీలు కుప్పకూలకుండా కండరం బిగించి లాగాలి, ఆ లాగుడంతా ఎముక భరించాలి. పొంచి ఉండి ఒక్క ఉదుటున దూకే బతుక్కి ముడిచిన కాలే నయమేమోనని నా ఊహ.

బరువుతోనే అంతా తేలిపోతుందనుకుంటుంటే చీతా అడ్డొచ్చింది. తూకంలో చిరుతపులికి అటూ ఇటూగా ఉంటుంది గానీ కాలి ఎముకలు పొడవు, సన్నం. చిరుతవి పొట్టి, మొద్దు. చీతా బయళ్లలో జింక వెంట పరిగెత్తి పడగొడుతుంది. చిరుత చంపినదాన్ని నోట కరుచుకుని చెట్టెక్కుతుంది. అప్పుడు దాని ముంగాళ్ల మీద పడేది తన ఒక్కదాని బరువు కాదు.