అద్దెకుండేవాళ్ళ మాటకి చోటెక్కడ?

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపొలిస్ ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఖజానాకి డబ్బొచ్చింది, నిజమే. కానీ ఆ ధరే చుట్టుపక్కల స్థలాలన్నిటికీ లెక్కైపోతుంది. చివరికి దాన్ని అద్దె రూపంలో మోసేది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, వంటమనిషి, హాస్టల్లో సర్దుకునే కొత్త ఉద్యోగి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ ఎప్పుడో చెప్పింది. భూమి ధరల సంగతి మాత్రం వాటి దాకా రాదు.

ఇలాంటి నిర్ణయాలకి ముందు వార్డుల్లో సమావేశాలు పెట్టి జనాన్ని అడగాలంటే, అందర్నీ అడుగుతూ కూర్చుంటే పనులు సాగవంటారు. నిర్ణయమైపోయాక అడిగితేనే ఎక్కువ ఆగుతాయి, అప్పటికి జనానికి మిగిలేది కోర్టు గడపే కదా! ఇంకో అభ్యంతరంలో మాత్రం బలముంది: ఇలాంటి సమావేశాలకొచ్చేది ఎక్కువగా తీరుబడి ఉన్న సొంతింటివాళ్ళే, ధర పెరిగితే వాళ్ళకి లాభం. (చాలా అపార్ట్‌మెంట్ సంఘాల్లో అద్దెకున్నవాళ్ళకి ఓటే ఉండదు.) అందుకే ఊరికే రమ్మనడం కాదు, సీట్లు కేటాయించాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం సీట్లు ఆ వ్యాపారులకే ఇచ్చింది. వార్డు కమిటీల్లో అద్దెదారులకీ అలాంటి వాటా ఉండాలి. ఈసారి ఓటడగడానికి వచ్చే కార్పొరేటర్ అభ్యర్థిని ఈ ఒక్కటీ అడగండి.