ఈ వయసులో మానేసి ఏం లాభం?

చలిమంట చుట్టూ నలుగురం చేరితే మాటలు ఎటు పోతాయో చెప్పలేం. ఇవాళ్టికి చుట్ట దగ్గర మొదలుపెడదాం. మగవాళ్ళ చుట్ట కాదండీ. దాని వైభవం గిరీశం ఎప్పుడో చాటేశాడు, కన్యాశుల్కం చదివినవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెప్పబోయేది ఆడవాళ్ళ చుట్ట గురించి, అందులోనూ వయసు మళ్ళిన ఆడవాళ్ళ చుట్ట గురించి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. కొత్తవాళ్ళు మాత్రం మొదటిసారి చూసి అలా నిలబడిపోతారు. ముసలమ్మ చుట్ట వెలిగిస్తుంది. నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెదాలు బిగిస్తుంది. ఆ తర్వాత చేట అందుకుని బియ్యం చెరుగుతూ కూచుంటుంది. నోట్లో నిప్పు ఉన్నట్టే తెలియదు. అడ్డపొగ అంటారు దాన్ని. ఎందుకమ్మా అలా అని అడిగితే కారణాలు చాలానే చెబుతారు. గాలికి ఆరిపోదు, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్నా ఇబ్బంది లేదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటుంది. అమ్మ కాల్చింది, అత్త కాల్చింది, నేనూ కాలుస్తున్నాను, అంతే.

ఈ నిప్పు వెళ్ళి తగిలేది నేరుగా అంగిటికి. మామూలుగా పొగ తాగేవాళ్ళకి నోట్లో కేన్సర్ వస్తే బుగ్గలోనో, నాలుక పక్కనో, నాలుక కిందో వస్తుంది. గట్టి అంగిట్లో రావడం అరుదు. మన ఉత్తరాంధ్రలో మాత్రం అక్కడే ఎక్కువగా కనిపించడంతో ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థ నుంచి ఫాలీ మెహతా, వాళ్ళ సహచరులూ శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించి, ఆ వివరాలు 1971లో ప్రచురించారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు కూడా ఆ రోజుల్లోనే దీనిమీద చాలా పనిచేశారు. అంగిలి తెల్లగా పాలిపోవడం, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలడం, చర్మం దళసరెక్కి బీటలు వారడం, ఒక్కోచోట పుండు పడడం. ఇవన్నీ వైద్య గ్రంథాల్లోకి మన ముసలమ్మల నోళ్ళనుంచే ఎక్కాయి. ఆ గ్రంథాలు చదివే అవకాశం మాత్రం వాళ్ళలో ఎవరికి దక్కింది చెప్పండి?

సరే, అసలు మాటకొస్తాను. ఇలాంటి ముసలమ్మ ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళి చుట్ట మాన్పించరాదా అనండి. కొడుకైనా, కోడలైనా, ఆఖరికి మనవడైనా ఒకటే జవాబు: "ఈ వయసులో మాన్పించి ఏం లాభం? పోనీలెండి, ఉన్నన్నాళ్ళు ఉంటుంది." ఆవిడని అడిగినా అదే: "ఏటి బాబూ, రేపో మాపో పోయేదాన్ని. ఇప్పుడు మానీసి ఏటి సేత్తాను? నాకున్న తోడు ఇదొక్కటే."

ఆ 'తోడు' అన్న మాటని తేలిగ్గా తీసెయ్యకండి. పొగాకులోని నికోటిన్ పీల్చిన కొద్ది క్షణాల్లోనే మెదడుకి చేరుతుంది. రెండు గంటలు తిరిగేసరికి ఒంట్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు మొదలవుతుంది, చెయ్యి చుట్ట కోసం వెతుక్కుంటుంది. ఏభై అరవై ఏళ్ళపాటు రోజంతా అదే వరస. పొద్దున్న చద్దన్నం తిన్నాక ఒకటి, పొలంగట్టు మీద ఒకటి, మధ్యాహ్నం నడుం వాల్చే ముందు ఒకటి. భర్త పోయాడు. పొలం పిల్లల పేర్లకి మారింది. వంటింటి పెత్తనం కోడలికి వెళ్ళింది. ఏ కూర వండాలో ఆవిడని అడిగేవాళ్ళు లేరు. చీరకొంగున ముడేసుకున్న చుట్ట ఒక్కటే ఇప్పటికీ ఆవిడ ఇష్టప్రకారం నడిచే వస్తువు. దాన్ని చేతిలోంచి లాక్కుని పారెయ్యడం వైద్యం కాదు, అవమానం. అలా లాక్కున్న ఇళ్ళలో మంచం కిందా, గొడ్లసావిట్లో చూరులోనూ చుట్టలు దొరుకుతూనే ఉంటాయి. మాట్లాడుకోవడం మాత్రం ఆగిపోతుంది.

కాబట్టి బలవంతం చెయ్యమని నేను అనడం లేదు. "ఈ వయసులో ఏం లాభం" అన్న మాట ఒప్పుకోనంటున్నాను. అది దయలాగా వినిపిస్తుంది కానీ దయ కాదు. ఆవిడని మన లెక్కలోంచి ముందే తీసేశామని అర్థం.

మన పెద్దవాళ్ళు చావు గురించి మాట్లాడడానికి భయపడరు. ఇది నేను ఎప్పుడూ గౌరవించే విషయం. కాటికి కాళ్ళు చాపుకుని కూచున్నాను అని ఇంటికొచ్చిన చుట్టంతో మామూలుగా అనేస్తారు. తమ మీద కప్పాల్సిన చీర ముందే పక్కన పెట్టుకున్నవాళ్ళున్నారు. దినాలకి ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దని, పదో పాతికో వేలు మూటకట్టి మనవరాలి చేతికిచ్చినవాళ్ళున్నారు. వాళ్ళకి భయం చావంటే కాదు, మంచాన పడడమంటే. ఎవరిని కదిపినా "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి బాబూ, ఒకరి చేత చేయించుకోకుండా పోవాలి" అనే అంటారు. గుళ్ళోకి వెళ్ళినప్పుడు కోరుకునేదీ అదే, అనాయాస మరణం.

చుట్ట సరిగ్గా ఆ కోరిక మీదే దెబ్బకొడుతుంది. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పరు. పొగాకు ఆయుష్షు తగ్గిస్తుందని చెబుతారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషికి ఆయుష్షు లెక్క చెబితే నవ్వి ఊరుకుంటుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. పొగాకు చంపే తీరు గురించి చెప్పాలి. అంగిట్లో పుండు ముదిరితే పచ్చడి మెతుకు నోట పెట్టలేరు. గంజి తాగినా ముక్కులోంచి వస్తుంది. మాట ముద్దగా అవుతుంది, పక్కన కూచున్నవాళ్ళకి అర్థం కాదు. ఊపిరితిత్తులు పాడైతే మంచం మీంచి పెరటి దాకా నడవడానికి నాలుగుచోట్ల ఆగాలి. రక్తనాళాలు మూసుకుపోతే పక్షవాతం. ఒకరి చేత చేయించుకోకూడదని జీవితమంతా కోరుకున్న మనిషిని, ఆ చుట్టే తెచ్చి ఒకరి చేతుల్లో పెడుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది నన్ను బాగా బాధపెడుతుంది. కేన్సర్ ముదిరి నొప్పి భరించలేని దశలో డాక్టరు మార్ఫిన్ రాస్తే, ఇంట్లోవాళ్ళు వెనకాడతారు. "అది మత్తుమందు కదండీ, అలవాటైపోదూ?" అంటారు. అరవై ఏళ్ళు పొగాకు అలవాటుని చూసీ చూడనట్టు వదిలేసినవాళ్ళే, ఆఖరి నెలల్లో నొప్పి తగ్గించే మందుకి భయపడతారు. డాక్టరు పర్యవేక్షణలో, నొప్పికి తగ్గ మోతాదులో ఇచ్చే మార్ఫిన్ వ్యసనం కాదు. రోగి నిద్రపోగలుగుతాడు, నాలుగు మాటలు మాట్లాడగలుగుతాడు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆ మందు దొరకడమే కష్టమైపోయింది. 2014లో చట్టాన్ని సవరించాక ఆసుపత్రులకి కొంత సులువైంది. హైదరాబాద్ ఎమ్మెన్జే కేన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకీ, చివరిదశ సంరక్షణకీ ప్రత్యేక విభాగం ఉంది. విశాఖవైపు వాళ్ళకి అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. అడిగితే వచ్చే సాయం అడగక పోగొట్టుకోకూడదు.

మళ్ళీ లాభం లెక్కకి వద్దాం, ఎందుకంటే లాభం నిజంగానే ఉంది. రిచర్డ్ డాల్ అని ఒక ఇంగ్లీషు వైద్యుడు. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రాడ్‌ఫోర్డ్ హిల్‌తో కలిసి బయటపెట్టాడు. ఆ పని చేస్తుండగానే తన సిగరెట్టు కూడా మానేశాడు. 1951 నుంచి బ్రిటన్ డాక్టర్లలో ముప్ఫై నాలుగు వేల మందికి పైగా మగవాళ్ళని యాభై ఏళ్ళపాటు గమనిస్తూ వచ్చారు. తొంభై ఒక్క ఏళ్ళ వయసులో, 2004లో డాల్ ఆ ఫలితాలు ప్రచురించాడు. ముప్ఫై ఏళ్ళకి మానేసినవాళ్ళకి సుమారు పదేళ్ళు, నలభైకి మానితే తొమ్మిది, యాభైకి ఆరు, అరవైకి మానినా మూడేళ్ళు కలిసొచ్చాయి. అది సిగరెట్టు తాగిన మగ డాక్టర్ల లెక్క. మన ముసలమ్మల చుట్టకి అచ్చం అలాగే వర్తిస్తుందని నేననను. కానీ అరవై దాటాక లాభమే లేదన్న మాట మాత్రం నిలబడదు. పైగా శ్రీకాకుళం పల్లెల్లోనే తర్వాత ఏళ్ళతరబడి జనానికి నచ్చజెబుతూ సాగిన పరిశోధనలో, చుట్ట తగ్గించినవాళ్ళ, మానేసినవాళ్ళ అంగిలి మచ్చలు తగ్గుముఖం పట్టడం చూశారు. అరవై ఏళ్ళు కాలిన అంగిలి కూడా కోలుకోవాలనే చూస్తుంది!

మానేస్తే మొదట ఏమవుతుందో ఇంట్లోవాళ్ళు ముందే తెలుసుకుని ఉండాలి. మొదటి వారం, అందులోనూ మొదటి రెండు మూడు రోజులు చాలా కష్టం. నిద్ర పట్టదు, చిన్నమాటకే కోపం, విరేచనం సాఫీగా అవదు, దిగులు. మూడు నాలుగు వారాల్లో చాలామటుకు సర్దుకుంటుంది. పెద్దవయసులో ఇవన్నీ వస్తే మనం చాదస్తం అనుకుంటాం, విసుక్కుంటాం, "ఇదిగో తాగు, నా ప్రాణం తియ్యకు" అని చుట్ట మనమే చేతికిస్తాం. ఎన్ని ఇళ్ళలో ప్రయత్నం ఇక్కడే ఆగిపోయిందో! ఆ కొద్దిరోజులు చుట్ట వెలిగించే వేళకి ఎవరో ఒకరు పక్కన కూచుని మాట్లాడితే చాలా బరువు తగ్గుతుంది. పళ్ళు లేని నోటికి నికోటిన్ చూయింగ్‌గమ్ కుదరదు, చర్మానికి అంటించే పట్టీలున్నాయి. గుండెజబ్బు, బీపీ లాంటివి ఉంటాయి కనుక డాక్టరుని అడిగే వాడాలి.

ఇంత చెప్పాక కూడా ఆవిడ "నాకొద్దు బాబూ, ఇలాగే పోతాను" అంటే? అప్పుడది ఆవిడ నిర్ణయం. విషయం తెలిసి తీసుకున్న నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. ప్రాణం మీదికొచ్చి, ఇక రోజులే మిగిలిన మనిషి ఒక్క దమ్ము అడిగితే కాదనే కర్కశత్వం నాకు లేదు. నా తగువంతా ఆవిడకి చెప్పకుండానే, ఆవిడ బదులు మనం నిర్ణయించేసే పద్ధతితోనే.

అన్నట్టు ఒక్క విషయం. సిగరెట్టు పెట్టె మీద 2018 నుంచి, భయపెట్టే బొమ్మతోపాటు, మానాలనుకునేవాళ్ళు ఫోన్ చెయ్యడానికి నంబరు వేస్తున్నారు. ఇంట్లో చేత్తో చుట్టుకున్న చుట్టకి పెట్టె ఎక్కడిది? సంతలో విడిగా కొన్న కట్టకీ లేదు. ఉన్నా చదవగలిగినవాళ్ళు వాళ్ళలో ఎందరు? అంటే ఆ నంబరు అందరికన్నా ఎక్కువ అవసరమైన ముసలమ్మ కంటికే అది ఎప్పుడూ పడదు. చదువుకున్న మనవళ్ళే చదివి చెప్పాలి.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ చుట్ట కాల్చే పెద్దావిడ ఉంటే, ఈసారి ఊరు వెళ్ళినప్పుడు పక్కన కూచోండి. ముందు ఆవిడ చెప్పేది వినండి. తర్వాత నోరు తెరవమని బతిమాలి, సెల్‌ఫోన్ లైటు వేసి అంగిలి చూడండి. రెండు మూడు వారాలైనా మానని పుండు, గడ్డ, గట్టిపడ్డ మచ్చ కనిపిస్తే, అది నొప్పి పెట్టకపోయినా సరే, వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికో ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్ళండి. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు 1800-11-2356. డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆవిడ చేత మాట్లాడించండి.