కొలతకు అందని చప్పట్లు

పిల్లలూ! దూరాన్ని కొలవటానికి మీటరున్నది, జ్వరాన్ని కొలవటానికి థర్మామీటరున్నది. మరి ఒక మనిషిని లోకం ఎంతగా తలుచుకుంటున్నదో కొలవటం ఎలాగు?

ఆంద్రేస్ ఇనియెస్తా పేరు మీలో ఫుట్‌బాల్ ఆడేవారికి తెలిసే వుంటుంది. ఆయన 1984లో స్పెయిన్ దేశంలో ఫుయెంతెఆల్బియా అనే చిన్న వూళ్ళో పుట్టాడు. పన్నెండో యేట ఇల్లు విడిచి బార్సిలోనా క్లబ్బువారి శిక్షణాలయంలో చేరాడు. 2010 జూలై 11న జొహానెస్‌బర్గులో ప్రపంచకప్పు ఆఖరి ఆట జరిగింది. అదనపు సమయంలో, 116వ నిమిషాన ఆయన వేసిన ఒకే ఒక గోలుతో స్పెయిన్ నెదర్లాండ్సును ఓడించి, మొదటిసారి ప్రపంచ విజేత అయింది. 2024 అక్టోబరులో ఆయన ఆట విరమించాడు.

"ఇప్పుడాయన్ని ఎవరు తలుస్తారు, తాతయ్యా? ఇంటర్నెట్టులో గీత పడిపోయింది!" అన్నాడు మా మనవడు. నేనూ హెడ్మాస్టరు పని విరమించినవాణ్ణే గదా, ఆ మాట నాకు కొంచెం గుచ్చుకున్నది. సరే, లెక్క చూద్దామని ఇద్దరం కూర్చున్నాము.

మొదటి కొలత అనుచరుల సంఖ్య. ఇన్‌స్టాగ్రాంలో ఇనియెస్తాను అనుసరించేవారు కోట్లలో వున్నారు. కాని ఇది బడిలో అడ్మిషను రిజిస్టరు వంటిది. పేరు ఎక్కినవాడు ఇవాళ బడికి వచ్చాడో లేదో అది చెప్పదు.

రెండవది వికీపీడియాలో ఆయన పుటను రోజుకు ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క. ఇది హాజరుపట్టీ వంటిది. అయితే ఒకడే పదిసార్లు తెరిస్తే పది అని పడుతుంది.

మూడవది గూగుల్ ట్రెండ్స్. మనవడు చూసిన గీత ఇదే. ఇది మనుషుల సంఖ్య చెప్పదు. మొత్తం వెతుకులాటలో ఈ పేరు వంతు ఎంతో చూసి, అన్నిటికన్న పెద్ద వంతుకు 100 వేస్తుంది. తక్కినవాటికి దానితో పోల్చి అంకెలు వేస్తుంది. ఒక వారం పదివేల వెతుకులాటల్లో 40 ఆయనకోసం జరిగాయనుకోండి. అదే శిఖరమైతే దానికి 100. మరొక వారం పదివేలకు 2 అయితే, దానికి 5. ఆ 5 చూసి అయిదుగురే అనుకోరాదు!

పైగా, మనం తెలియనిదాన్నే వెతుకుతాము. అమ్మ పేరు ఎవరైనా వెతుకుతారా? గీత దిగినంతమాత్రాన మరిచిపోయారని కాదు.

ఈ మూడింటికీ అందని సంగతి ఒకటున్నది. బార్సిలోనా నగరంలోనే ఎస్పాన్యోల్ అని మరో క్లబ్బున్నది. రెండింటికీ పోటీ జాస్తి. ఎస్పాన్యోల్ జట్టు నాయకుడు దానీ హార్కే 2009లో హఠాత్తుగా మరణించాడు. ప్రపంచకప్పు గోలు వేయగానే ఇనియెస్తా పైచొక్కా విప్పాడు. లోపలి బనీనుమీద, దానీ హార్కే ఎప్పుడూ మాతోనే వున్నాడని రాసి వున్నది! చొక్కా విప్పినందుకు రెఫరీ పసుపు కార్డు చూపాడు. కాని ఆ డిసెంబరులో ఆయన ఎస్పాన్యోల్ మైదానంలో ఆడటానికి వెళితే, ప్రత్యర్థి జట్టు అభిమానులే చప్పట్లతో ఆదరించారు.

కనుక పిల్లలూ, ఏ అంకె కనబడినా, "ఇది దేన్ని లెక్కపెట్టింది? దేన్ని వదిలేసింది?" అని అడగండి. మీ ఫోటోకు వచ్చిన లైకులు లెక్కపెట్టుకునేటప్పుడు మరీ ముఖ్యంగా అడగండి.